ఒకే కాన్ఫరెన్స్, మూడు జట్లు: ఎవరి షెడ్యూల్ ఎక్కువ కష్టమో తేల్చే పంచాయితీ నా నెత్తిన పడింది

ఉగ్గాని_బజ్జీ

నమస్తే అండీ. మాది హిందూపురం, ఉద్యోగం బెంగళూరులో, బెల్లందూరు దగ్గర. మా టీమ్‌లో సగం మంది ఇక్కడ, సగం మంది అమెరికాలో. సోమవారం సాయంత్రం కాల్‌లో మొదటి పది నిమిషాలు పని మాటలేమీ ఉండవు. ఫుట్‌బాలే. మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో బంతి ఉంటుందే, అది. అందులోనూ కాలేజీ పిల్లలు ఆడేది. మొదట్లో మ్యూట్‌లో పెట్టి టీ తాగేదాన్ని. మూడేళ్లు విన్నాక ఇప్పుడు ఎవరు ఎవరిని కొట్టారో వాళ్లకంటే ముందు నాకే గుర్తొస్తోంది.

అసలు సంగతి. మా మేనేజర్ జార్జియా యూనివర్సిటీలో చదివాడు. పక్క టీమ్ లీడ్‌ది ఫ్లోరిడా. డాలస్‌లో ఇంకొకాయన ఉన్నాడు, టెక్సస్ మనిషి. 2024 సీజన్ గురించి ముగ్గురికీ ఇప్పటికీ తగవే. టెక్సస్ ఆయన ఎక్కువ మాట్లాడడు. "మేం 7–1, మీరు 6–2" అని ఒక్క ముక్క అని ఊరుకుంటాడు. అంటే వాళ్లు ఏడు గెలిచి ఒకటి ఓడారు, వీళ్లు ఆరు గెలిచి రెండు ఓడారు. దాంతో మా మేనేజర్‌కి పుండు మీద కారం చల్లినట్టుంటుంది. ఆ 2024లో టెక్సస్‌ని వాళ్ల ఊళ్లోనే 30–15తో కొట్టింది జార్జియానే మరి. "మీరు ఎవరితో ఆడి 7–1 తెచ్చుకున్నారో చూడు, మేం ఎవరితో ఆడామో చూడు" అంటాడు. ఫ్లోరిడా ఆయన మధ్యలో దూరి "మీ ఇద్దరికంటే మాకే ఘోరమైన షెడ్యూల్ వేశారు, మా 4–4 మీ 6–2తో సమానం" అంటాడు.

పోయిన సోమవారం ముగ్గురూ కలిసి నా మీద పడ్డారు. "నువ్వు ఏ జట్టు మనిషివీ కాదు, లెక్కలు వచ్చు, నువ్వే తేల్చు" అని. రెండు పిల్లుల రొట్టె తగవులో కోతిలా ఉంది నా పరిస్థితి. కోతికి రొట్టె అయినా దక్కింది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఈ మూడు జట్లూ ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపులో, ఉన్నాయి. 2024లో టెక్సస్, ఓక్లహోమా వచ్చి చేరడంతో మొత్తం 16 జట్లయ్యాయి. అంతకుముందు ఈస్ట్, వెస్ట్ అని రెండు డివిజన్లు ఉండేవి, వాటినీ ఆ ఏడే ఎత్తేశారు. ఆ ఏడు ఒక్కో జట్టు కాన్ఫరెన్స్‌లో ఆడింది 8 మ్యాచ్‌లే. అంటే మిగతా 15 జట్లలో 7 జట్ల ముఖం కూడా చూడలేదు. ఎవరికి ఏ ఎనిమిది తగిలాయన్నదే తగవంతా.

నేను చేసింది ఇది. ఆ ఏడు ఎస్‌ఈసీ లోపల ఎవరు ఎన్ని గెలిచారో షీట్‌లో రాశాను. టెక్సస్ 7. జార్జియా, టెనెసీ చెరో 6. అలబామా, ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్, సౌత్ కరోలైనా, టెక్సస్ ఏ అండ్ ఎం, మిజౌరీ తలా 5. ఫ్లోరిడా 4. ఆర్కన్సా, వాండర్‌బిల్ట్ చెరో 3. ఓక్లహోమా, ఆబర్న్ చెరో 2. కెంటకీ, మిసిసిపీ స్టేట్ సున్నా. తర్వాత ఒక్కో జట్టు ఆడిన ఎనిమిది మంది ప్రత్యర్థుల గెలుపులు కలిపాను. టెక్సస్‌కి 23, జార్జియాకి 29, ఫ్లోరిడాకి 34 వచ్చాయి. ఎక్కువ వస్తే ఎక్కువ కష్టం.

తేలిపోయిందనే అనుకున్నాను. రాత్రి క్యాబ్ ఇబ్లూరు సిగ్నల్ దగ్గర ఆగిపోయినప్పుడు అనుమానం వచ్చింది. టెక్సస్ ఏడుగురిని ఓడించింది కాబట్టే కదా ఆ ఏడుగురికీ తలా ఒక ఓటమి పెరిగింది? అంటే గెలిచిన పాపానికి వాళ్ల షెడ్యూల్ తేలికగా కనిపిస్తోందా? ఇంటికి వచ్చి పడుకున్నా అదే ఆలోచన. దీన్ని సరిగ్గా ఎలా కొలుస్తారు? సొంత మైదానం, బయటి మైదానం కూడా లెక్కలో వేయాలా? గురువారం లోపు చెప్పాలి. ఈ ఆట తెలిసినవాళ్లు ఉంటే కాస్త పుణ్యం కట్టుకోండి.

ఆస్టిన్_రిటర్న్

ముందే చెప్పేస్తున్నాను, నేను టెక్సస్ మనిషిని. రెండేళ్లు ఆస్టిన్‌లో ఎమ్మెస్ చేసి ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. కాబట్టి నా మాటలో కొంత తరుగు తీసుకుని వినండి.

మీ లెక్కలో మొదట ఒక తప్పు ఉంది. 16 జట్లు, తలా 8 మ్యాచ్‌లు, అంటే 128. ఒక్కో మ్యాచ్ రెండుసార్లు లెక్కకు వస్తుంది కాబట్టి సగం, 64 మ్యాచ్‌లు. ఈ ఆటలో 1996 నుంచి ఓవర్‌టైమ్ ఉంది, డ్రా అన్న మాటే లేదు. కాబట్టి గెలుపులన్నీ కూడితే కచ్చితంగా 64 రావాలి. మీ వరుస కూడితే 63 వస్తోంది. ఒకటి జారిపోయింది. ఏదో ఓల్ మిస్ అభిమానిని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు: 2024 సెప్టెంబర్ 28, సొంత మైదానం, కెంటకీ చేతిలో 20–17. కెంటకీ ఆ ఏడు ఎస్‌ఈసీలో గెలిచింది అదొక్కటే. సున్నా తీసి 1 వేయండి. మీ మూడు జట్లూ కెంటకీతో ఆడాయి కాబట్టి ముగ్గురికీ ఒకటి పెరిగి 24, 30, 35 అవుతాయి. వరుస మారదు.

ఇక మీ ఇబ్లూరు అనుమానం. నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ప్రత్యర్థుల రికార్డులోంచి మనతో ఆడిన మ్యాచ్ తీసేసి చూడాలి. ఎనిమిది మంది, తలా ఎనిమిది మ్యాచ్‌లు, మొత్తం 64. అందులో మనతో ఆడినవి 8 తీస్తే 56 మిగులుతాయి.

టెక్సస్ ప్రత్యర్థులు మొత్తం 24–40. మా చేతిలో 7 ఓడారు, మా మీద 1 గెలిచారు. అవి తీస్తే 23–33. జార్జియావాళ్లది 30–34. అందులోంచి 2 గెలుపులు, 6 ఓటములు తీస్తే 28–28. సరిగ్గా సగం, చూడండి. ఫ్లోరిడావాళ్లది 35–29. అటు 4, ఇటు 4 తీస్తే 31–25.

అంటే మీరు అనుమానించింది నిజమే కానీ ఆ లోపం వల్ల కథ మారలేదు. తేడా కొంచెం తగ్గింది, అంతే. మాది తేలికైన షెడ్యూలే, ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక్క మాట. టెక్సస్‌కి టెక్సస్‌తో ఆడే శిక్ష ఎప్పటికీ పడదు! నవ్వకండి, ఇది నిజంగా లెక్కలోకి వచ్చే విషయం. ఆ ఏడు టేబుల్‌లో పైనున్నది మేమే. మిగతా 15 జట్ల గెలుపులు కలిపితే 57. సగటున జట్టుకి 3.8. ఎనిమిది మ్యాచ్‌లకి 30.4. అంటే మేం చీటీలు వేసి ప్రత్యర్థుల్ని తీసుకున్నా 30 దగ్గరే వస్తుంది. 32 రాదు. మాకు వచ్చింది 24, అంటే ఆరు తక్కువ. జార్జియాకి ఇలా వేస్తే సగటు 31 దగ్గర, వచ్చింది 30. ఫ్లోరిడాకి సగటు 32, వచ్చింది 35. మీ మేనేజర్‌కి కాస్త మెల్లగా చెప్పండి, ఈ లెక్క ప్రకారం జార్జియాది సగటు షెడ్యూలే.

మారతహళ్లి_పీజీ_304

అక్కా, నాకు ఈ ఆట రాదు, కానీ ఈ బాధ తెలుసు. ఐపీఎల్‌లోనూ ఇంతే కదా. పది జట్లు, తలా 14 మ్యాచ్‌లు. మిగతా తొమ్మిదిలో అయిదింటితో రెండేసి సార్లు, నాలుగింటితో ఒక్కోసారి. ఎవరితో రెండుసార్లు పడ్డామన్నదాన్ని బట్టే తలరాత. టేబుల్‌లో అందరికీ 14 అని ఉంటుంది కానీ అందరి 14 ఒకటి కాదు.

ఇంకోటి, మీ షీట్‌లో ఒక జట్టుకి ఒక్కటే నంబర్ ఉంది. అదే నాకు నచ్చలేదు. 2024 ఏప్రిల్ 15న చిన్నస్వామిలో సన్‌రైజర్స్ 287 కొట్టిన రాత్రి నేను స్టాండ్‌లోనే ఉన్నా. లోపల ఆరెంజ్ టీషర్ట్, పైన జాకెట్, జిప్ మెడ దాకా. చుట్టూ అందరూ ఆర్‌సీబీ వాళ్లే, అరవడానికి లేదు. సిక్స్ పడ్డప్పుడల్లా పక్కనున్న మా రూమ్మేట్ తొడ గిల్లేవాణ్ణి. అప్పటికి ఆర్‌సీబీ అంటే ఎవరైనా వచ్చి రెండు పాయింట్లు పట్టుకెళ్లే జట్టు. సరిగ్గా పది రోజులకి ఉప్పల్‌లో అదే ఆర్‌సీబీ మనల్ని 35 పరుగుల తేడాతో కొట్టింది. దాంతో కలిపి వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లిపోయింది. ఆఖరికి టేబుల్‌లో ఆర్‌సీబీ పక్కన 7 గెలుపులు అనే ఉంటుంది. ఏప్రిల్‌లో ఆడినవాడికీ 7, మేలో ఆడినవాడికీ 7. ఇదెక్కడి న్యాయం?

ఆస్టిన్_రిటర్న్

304 తమ్ముడూ, తెలియకుండానే మా టెక్సస్ గుట్టు బయటపెట్టేశావు. ఎవరూ అడగలేదు కదా అని ఇందాక నేను చెప్పకుండా వదిలేసిన ముక్క అదే.

ఫ్లోరిడా 2024 తీసుకోండి. మొదటి క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపించేవాడు) గ్రేమ్ మెర్ట్జ్‌కి అక్టోబర్‌లో టెనెసీ మీద ఆడుతుండగా మోకాలు పోయింది. తర్వాత వచ్చిన కుర్రాడు డీజే లాగ్‌వే జార్జియా మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసి బయటికి వెళ్లాడు. వారం తిరిగేసరికి, నవంబర్ 9న, ఫ్లోరిడా మా ఊరు ఆస్టిన్ వచ్చింది. ఆడించడానికి మిగిలింది మూడో క్వార్టర్‌బ్యాక్. 49–17తో కొట్టాం. ఆ తర్వాతి వారం లాగ్‌వే తిరిగి వచ్చాడు. ఎల్‌ఎస్‌యూని 27–16తో, ఓల్ మిస్‌ని 24–17తో ఓడించారు. మీ షీట్‌లో ఫ్లోరిడా పక్కన అందరికీ 4 అనే ఉంటుంది. మాకు తగిలిన ఫ్లోరిడా వేరు, ఓల్ మిస్‌కి తగిలిన ఫ్లోరిడా వేరు.

ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ లేకపోవడం అంటే క్రికెట్‌లో ఒక బ్యాట్స్‌మన్ లేకపోవడం లాంటిది కాదు. ప్రతి బంతీ ముందు అతని చేతికే వస్తుంది. అతను పోతే సగం జట్టు పోయినట్టే.

ఉగ్గాని_బజ్జీ

కెంటకీ తప్పు నాదేనండీ. వరుసలు కాపీ చేసేటప్పుడు కింద ఉన్న మిసిసిపీ స్టేట్ సున్నా పైకి లాగేసినట్టున్నాను. మొత్తం కూడి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఆఫీసులో ఇదే పని వేరేవాళ్లు చేస్తే నేనే క్లాసు పీకుతాను.

ఆత్రం ఆగక మేనేజర్‌కి నిన్న చాట్‌లో 28–28 అని చెప్పేశాను. రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత వరసగా మూడు మెసేజ్‌లు. "అలబామా, టెక్సస్, ఓల్ మిస్. మూడూ వాళ్ల మైదానాల్లో ఆడాం. ఇది సగటా?" అని. నిజమే, చూశాను. జార్జియా ఓడిన రెండూ బయటే, అలబామాలో 41–34, ఓల్ మిస్‌లో 28–10. ఆఖరికి ఆ ఒక్కటి గెలిచిన కెంటకీ మీద కూడా, కెంటకీ మైదానంలో, 13–12తో బతికి బయటపడ్డారు. మరి సొంత మైదానం లెక్క ఎలా వేయాలి?

మల్లేశ్వరం_తాతయ్య

అమ్మాయీ, నేను లెక్కల మనిషిని కాదు, రిటైరై పదేళ్లయింది. కానీ నువ్వడిగిన సొంత మైదానం సంగతి నా చెవులతో విన్నాను కాబట్టి చెబుతాను.

మా అబ్బాయి జార్జియా యూనివర్సిటీ ఉన్న అథెన్స్ ఊళ్లోనే పీహెచ్‌డీ చేస్తున్నాడు. 2024 నవంబర్‌లో మేమిద్దరం వెళ్లినప్పుడు టెనెసీతో మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. శాన్‌ఫర్డ్ స్టేడియం. 90 వేలకు పైగా జనం పడతారు. మన చిన్నస్వామి లాంటివి రెండు దాటి పడతాయి అందులో. ఎరుపు తప్ప ఇంకో రంగు కనిపించలేదు, ఒక మూల మాత్రం టెనెసీవాళ్ల నారింజ.

నాకు మొదట అర్థం కానిది ఏమిటంటే, జార్జియా బంతి పట్టుకుని ముందుకు వెళ్తుంటే జనం నోరు మూసుకుని కూర్చుంటున్నారు. మన దగ్గర మనవాడు బ్యాటింగ్ చేస్తుంటే గోల చేస్తాం కదా. ఇక్కడేమిటి, గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నారు అనుకున్నాను. బంతి టెనెసీ చేతికి వెళ్లిందో లేదో, అమ్మో, 90 వేల మంది ఒకేసారి లేచి అరుపులు. అబ్బాయి నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు: టెనెసీ క్వార్టర్‌బ్యాక్ తన వాళ్లకి ఏ ఎత్తు వేయాలో నోటితో చెప్పాలి, అది వినపడనివ్వకుండా చేయడమే వీళ్ల పని అని. పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలే ఇస్తారట, అందులో మూడోది వచ్చినప్పుడు అయితే కాళ్ల కింద సిమెంటు అదురుతోంది. మా ఆవిడ పర్సులోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకుంది. నాకూ ఇచ్చింది.

సగం ఆట అయ్యేసరికి 17–17. ఆ తర్వాత టెనెసీకి ఒక్క పాయింటు కూడా రాలేదు. 31–17. అదే మ్యాచ్ టెనెసీలో జరిగి ఉంటే ఆ దూది ఎవరికి అవసరమయ్యేదో నువ్వే ఆలోచించు.

తొంభైతొమ్మిదో_ఎక్కం

నేను యలహంక దగ్గర ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. తాతయ్యగారు చెప్పిన అరుపుల విలువ మామూలుగా రెండు మూడు పాయింట్లుగా వేసుకుంటారు. సమ ఉజ్జీలు ఆడితే అంతే తేడా. కాబట్టి అది చిన్న సవరణ. మీ మేనేజర్ బాధకి అసలు కారణం అది కాదు.

మీరందరూ సగటు పట్టుకుని కూర్చున్నారు. జార్జియా జాబితా మళ్లీ చూడండి: 7, 6, 5, 5, 4, 2, 1, 0. మొత్తం 30. ఇదే 30 ఇంకోలా కూడా వస్తుంది: ఆరుగురు 4 వాళ్లు, ఇద్దరు 3 వాళ్లు. షీట్‌కి రెండూ ఒకటే. ఆడేవాడికి మాత్రం కాదు.

ఎవరికి కష్టం అన్న ప్రశ్న వేయకుండా ఎంత కష్టం అని అడగకూడదు. ఊహ కోసం కొన్ని అంకెలు పెట్టుకుందాం, ఇవి నేను వేసుకున్నవే. ఒక మంచి జట్టు ఉంది. మధ్యరకం వాళ్లని 100కి 85 సార్లు కొడుతుంది, తనంత బలమైన వాళ్లని 50 సార్లు, బలహీనుల్ని 98 సార్లు. ఎనిమిది మందీ మధ్యరకమే అయితే ఒక్కటీ ఓడకుండా బయటపడే అవకాశం 27 శాతం దాకా ఉంటుంది. నలుగురు బలమైనవాళ్లు, నలుగురు బలహీనులు అయితే అది 6 శాతానికి పడిపోతుంది. టైటిల్ కోసం ఆడేవాడికి రెండో షెడ్యూల్ నరకం.

ఇప్పుడు ఒక బలహీన జట్టుని తీసుకోండి. మధ్యరకం మీద 25 సార్లు, బలమైనవాళ్ల మీద 5 సార్లు, తన లాంటివాళ్ల మీద 55 సార్లు గెలుస్తుంది. ఎనిమిదీ మధ్యరకమే అయితే దానికి సగటున 2 గెలుపులు. సగం సగం అయితే 2.4. అంటే మంచి జట్టు ఏడ్చిన షెడ్యూలే దీనికి కాస్త నయం. నలుగురు పెద్దవాళ్ల చేతిలో ఎలాగూ ఓడుతుంది, ఆ నాలుగు వదిలేసి మిగతా నాలుగింటి మీద ఆశ పెట్టుకుంటుంది.

అందుకే ఇప్పుడు చాలా పద్ధతులు ప్రత్యర్థుల గెలుపులు కూడడం మానేసి ఇంకో ప్రశ్న వేస్తున్నాయి. దేశం మొత్తమ్మీద టాప్ 25లో ఉండే ఒక సగటు జట్టుని తీసుకొచ్చి ఈ షెడ్యూల్ ఆడిస్తే, వీళ్లు తెచ్చుకున్న రికార్డు కానీ అంతకంటే మంచిది కానీ తెచ్చే అవకాశం ఎంత? అవకాశం తక్కువైతే వీళ్లు సాధించింది గొప్ప. ఈఎస్‌పీఎన్ వాళ్ల స్ట్రెంత్ ఆఫ్ రికార్డ్ ఈ దారిదే. దీనికి కంప్యూటర్ కావాలి కానీ మీ పంచాయితీకి అంత అక్కర్లేదు. 5 గెలుపులు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రత్యర్థులు ఎవరికి ఎంతమంది తగిలారో లెక్కపెట్టండి, చాలు.

ఉగ్గాని_బజ్జీ

లెక్కపెట్టాను మాస్టారూ. టెక్సస్‌కి ఇద్దరే: జార్జియా, టెక్సస్ ఏ అండ్ ఎం. జార్జియాకి నలుగురు: టెక్సస్, టెనెసీ, అలబామా, ఓల్ మిస్. ఫ్లోరిడాకి ఆరుగురు! టెక్సస్ ఏ అండ్ ఎం, టెనెసీ, జార్జియా, టెక్సస్, ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్. అందులో ఆఖరి నాలుగూ నవంబర్ 2, 9, 16, 23 తేదీల్లో, ఒక్క వారం కూడా గ్యాప్ లేకుండా. మిగిలింది మిసిసిపీ స్టేట్, కెంటకీ. 24, 30, 35 అని చూసినప్పుడు పెద్ద తేడా అనిపించలేదు. 2, 4, 6 అని చూస్తే మాత్రం ఫ్లోరిడా ఆయన అంత అరిచి గోల చేయడంలో తప్పు లేదనిపిస్తోంది.

చాప_కింద_నీరు

ఇదంతా సీజన్ అయిపోయాక చేసే పోస్టుమార్టం. సీజన్ మొదలవక ముందు, జూలైలో, "ఈసారి అత్యంత కష్టమైన షెడ్యూల్ ఎవరిది" అని జాబితాలు వేస్తారు చూడండి, వాటిని మాత్రం నమ్మకండి. పోయినేడాది రికార్డులు పట్టుకుని వేసేవే ఎక్కువ. 2023లో ఫ్లోరిడా స్టేట్ సీజన్ చివర్లో ఆడే బౌల్ మ్యాచ్ దాకా ఒక్కటీ ఓడలేదు. 2024లో ఎవరి షెడ్యూల్‌లో ఆ పేరున్నా కొండలా కనిపించి ఉంటుంది. ఆ ఏడు వాళ్లు 2–10. అరిజోనా స్టేట్‌ది దీనికి రివర్స్. 2023లో 3–9. 2024 సీజన్ ముందు పోల్‌లో వాళ్ల కాన్ఫరెన్స్ బిగ్ 12లో ఆఖరి స్థానం ఇచ్చారు. టైటిల్ వాళ్లదే.

ఇంకా తమాషా, ఎస్‌ఈసీ 2025లోనూ అందరికీ అవే ఎనిమిది మంది ప్రత్యర్థుల్ని ఇచ్చింది, మైదానాలు మాత్రం అటూ ఇటూ మార్చింది. పేర్లు అవే. కానీ 2024లో 3–5 ఉన్న వాండర్‌బిల్ట్ 2025లో 6–2. కాగితం మీద ఒక్క అక్షరం మారకుండానే టెక్సస్ షెడ్యూల్ మారిపోయింది.

డివిజన్లు ఉన్నప్పుడే బాగుండేదని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోకండి. టెక్సస్ ఏ అండ్ ఎం 2012లో చేరింది. 2023 దాకా 12 సీజన్లలో టెక్సస్ ఏ అండ్ ఎం ఊరికి జార్జియా ఒక్కసారి కూడా ఆడటానికి వెళ్లలేదు. ఒకే ఇంట్లో ఉంటూ పన్నెండేళ్లు పక్కవాడి గదిలోకి వెళ్లకపోవడం లాంటిది అది.

మారతహళ్లి_పీజీ_304

అక్కా, గురువారం ఏమైందో చెప్పకుండా మాయమవకండి. పీజీలో ముగ్గురం ఎదురుచూస్తున్నాం. మా రూమ్మేట్ ఏకంగా ఫ్లోరిడా ఫ్యాన్ అయిపోయాడు, మ్యాచ్ ఒక్కటీ చూడకుండానే.

ఉగ్గాని_బజ్జీ

అయిపోయింది గురువారం. చెబుతాను.

షీట్ షేర్ చేశాను. మూడు వరుసలు పెట్టాను: మనతో ఆడినవి తీసేసిన రికార్డు, అయిదు గెలుపులు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రత్యర్థులు, అందులో బయట ఆడినవి ఎన్ని. జార్జియా నలుగురిలో ముగ్గురితో బయట ఆడింది. ఫ్లోరిడా ఆరుగురిలో టెనెసీ, టెక్సస్‌లతో బయట, ముగ్గురితో సొంత ఊళ్లో, జార్జియాతో ఎప్పట్లాగే జాక్సన్‌విల్‌లో, అది ఎవరి ఊరూ కాదు. టెక్సస్ ఇద్దరిలో టెక్సస్ ఏ అండ్ ఎంతో బయట, 17–7తో గెలిచారు కూడా.

నా తీర్పు ఇలా చెప్పాను. షెడ్యూల్ ఫ్లోరిడాదే కష్టం, ఏ లెక్కన చూసినా. అందులో వాదనే లేదు. కానీ 4–4, 6–2తో సమానం అన్నది మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఆ ఆరుగురిలో వాళ్లు గెలిచింది ఇద్దరి మీదే. జార్జియా తన నలుగురిలో ఇద్దరిని కొట్టింది, అందులో టెక్సస్ ఒకటి. టెక్సస్ 7–1 నిజమే, కానీ దారి చదునుగా ఉంది. ఆస్టిన్_రిటర్న్ గారి "టెక్సస్‌కి టెక్సస్‌తో ఆడే శిక్ష లేదు" అన్న మాట కూడా చదివి వినిపించాను. డాలస్ ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ మాట ఎవరన్నారో వాళ్లకి బీరు ఇప్పిస్తానన్నాడు, అడ్రస్ ఇవ్వండి.

ముగ్గురూ ఎవరికి నచ్చిన వరుస వాళ్లు స్క్రీన్‌షాట్ తీసుకున్నారు. ఫ్లోరిడా ఆయన అంతటితో ఊరుకోలేదు. కాన్ఫరెన్స్ బయట తాము మయామీతో, ఫ్లోరిడా స్టేట్‌తో కూడా ఆడామని, అవీ కలపమని పట్టుబట్టాడు. ఫ్లోరిడా స్టేట్ ఆ ఏడు 2–10 అని చెబితే మయామీ ఒక్కటీ కలుపు అన్నాడు. ప్రశ్న కాన్ఫరెన్స్ లోపల గురించే కదా అని మ్యూట్ నొక్కాను.

మా మేనేజర్ చివర్లో అడిగింది ఒక్కటే. 2026 నుంచి ఎస్‌ఈసీలో తలా తొమ్మిది మ్యాచ్‌లు, ముగ్గురు ప్రత్యర్థులు ఏటా ఖాయం, మిగతా ఆరుగురు మారుతుంటారు, అది కూడా ఈ షీట్‌లో వేయగలవా అని. జార్జియాకి ఖాయమైన ముగ్గురిలో ఫ్లోరిడా ఉంది. అంటే ఈ సోమవారాలకి అంతం లేదు. 16 తొమ్ముళ్లు 144, సగం 72. మొత్తం చూసుకునే గడిలో 64 తీసి 72 వేశాను. కూడినది దానికి సరిపోకపోతే ఎర్రగా మారేలా పెట్టాను. కెంటకీ గడికి పసుపు రంగు వేసి అలాగే ఉంచాను.